నలుగురి మాటను మార్చే కథ

సూరత్ నుంచి వడోదర వైపు వెళ్లే బండి తాపీ నది దాటాక ఉత్రాన్, ఆ వెంటనే కోసాడ్ స్టేషన్లు వస్తాయి. ఒకనాటి ఊరు కోసాడ్ ఇవాళ నగరంలో కలిసిపోయింది. నది ఒడ్డు బస్తీల నుంచి తరలించిన కుటుంబాల కోసం సూరత్ నగరపాలక సంస్థ కట్టించిన వేలాది ఇళ్ల సముదాయం, కోసాడ్ ఆవాస్, ఇక్కడే ఉంది. సూరత్ మరమగ్గాల నగరం. ఒడిశాలోని గంజాం నుంచి, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లతో పాటు, తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వచ్చి స్థిరపడిన పద్మశాలీలూ ఈ నగరంలో ఉన్నారు. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు నడిపే భాషల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుల సరసన తెలుగు కూడా ఉంది.

కథ, సినిమా మన సంస్కృతిని, భావజాలాన్ని, లోకజ్ఞానాన్ని ఎంతవరకు మలుస్తాయన్న ప్రశ్న హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చున్నవాళ్లకు సాహిత్య చర్చ కావచ్చు. సూరత్‌లో పుట్టి పెరుగుతున్న తెలుగు పిల్లకు అది రోజువారీ సంగతి. తాతల ఊరు ఆమెకు పెళ్లిళ్లకూ పండుగలకూ కొన్నాళ్లు కనబడుతుంది, తెరమీద ఏడాది పొడవునా కనబడుతుంది. పక్కింటి ఒడియా కుటుంబానికి, కింది అంతస్తు గుజరాతీ దుకాణదారుకు తెలుగువాళ్లంటే ఎవరో చెప్పేదీ చాలావరకు హిందీలోకి డబ్ అయిన తెలుగు సినిమాయే.

ఈ ప్రశ్నకు మనవాళ్లు సాధారణంగా రెండు జవాబులు చెబుతారు. సినిమాలే జనాన్ని చెడగొడుతున్నాయన్నది ఒకటి. సినిమా వినోదం మాత్రమే, ఎవరి బతుకు వాళ్లదే అన్నది మరొకటి. నూటయాభై ఏళ్ల తెలుగు, గుజరాతీ అనుభవాన్నీ, ఇతర దేశాల్లో జరిగిన పరిశోధననూ కలిపి చూస్తే రెండూ నిలవవు. కథ మనిషి నమ్మకాన్ని నేరుగా మార్చడం తక్కువ. నలుగురూ దేన్ని మామూలుగా అనుకుంటున్నారో, దేన్ని తప్పుగా అనుకుంటున్నారో ఆ అంచనాను మార్చడం ఎక్కువ. కాబట్టి కథలో ఏముందన్నదానితో పాటు, దాన్ని ఎవరు ఎవరితో కలిసి విన్నారు, విన్నాక ఏం మాట్లాడుకున్నారు, చేయడానికి వాళ్ల ముందు ఏ దారి ఉంది అన్నవి కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

పటం నుంచి నవల దాకా

సినిమా రాకముందే తెలంగాణ పల్లెల్లో బొమ్మల కథ ఉంది. చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పొడవాటి పటాన్ని వేలాడదీసి, కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు. తామర తూడుల నారతో బట్ట నేసిన భావనారుషి కథ అందులోదే. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పే ఒక్కో ఆశ్రిత కులం ఉండేవి. ఊళ్లో తక్కువ చూపు చూసే పనికి దేవతల కాలం నాటి గౌరవాన్ని ఆ కథ ఇచ్చేది. మన పుట్టుక గొప్పదన్న మాటను కులమంతా ఒకచోట కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వినేవారు. సోలాపూర్, భివండీ, సూరత్‌లకు వలస వచ్చిన నేతవాళ్లు మార్కండేయుడి పేరును వెంట తెచ్చుకున్నారంటే ఆ కథ చేసిన పని తేలిగ్గా తీసేయదగ్గది కాదు. అదే కథాపద్ధతి కులాల మధ్య గీతలను కూడా గట్టిపరిచింది. గౌరవాన్నిచ్చిన కథే గడప కూడా గీసింది.

సూరత్‌కు సొంత కథాచరిత్ర ఉంది. గుజరాతీలో తొలి నవలగా లెక్కించే ‘కరణ్ ఘేలో’ను 1866లో ప్రచురించిన నందశంకర్ మెహతా ఈ ఊరివాడు. వాఘేలా వంశపు చివరి రాజు కరణుడు మంత్రి భార్యను ఎత్తుకుపోవడం, ఆ మంత్రి పగబట్టి అల్లావుద్దీన్ ఖిల్జీ సేనను రప్పించడం అందులో కథ. ఒక రాజ్యం కూలడానికి రాజు కామాన్ని కారణంగా చూపిన ఆ నవల తరాల గుజరాతీ పాఠకులకు చరిత్ర పాఠంలా నిలిచింది. సూరత్‌వాడే అయిన కవి నర్మద్ ప్రాంతాభిమానానికి పాట కట్టాడు. భరూచ్‌లో పుట్టిన కన్హయ్యాలాల్ మున్షీ 1916 నుంచి రాసిన పాటణ్ నవలలతో సోలంకీల కాలాన్ని గుజరాత్ స్వర్ణయుగంగా నిలబెట్టి, గుజరాత్ అస్మిత అన్న భావానికి ప్రాణం పోశాడు. గుజరాత్ అనే రాష్ట్రం 1960లో ఏర్పడింది. ఆ ఊహ నవలల్లో అంతకు ముందే ఏర్పడింది. ఒక ప్రాంతానికి ఉమ్మడి గతాన్ని ఇవ్వడంలో నవలకున్న బలం ఇక్కడ స్పష్టం. ఆ ఉమ్మడిలోకి ఎవరు వస్తారు, ఎవరు బయట నిలబడతారు అన్నది కూడా నవలాకారుడే తేలుస్తాడు. ఆ నిర్ణయం తర్వాతి తరాలకు కథలా కనబడదు, చరిత్రలా కనబడుతుంది.

చెప్పిన నీతి, చూపించిన ఇల్లు

మన కన్యాశుల్కం చరిత్రను ఈ కోణంలో మళ్లీ చదవాలి. గురజాడ అప్పారావు తన నాటకం తొలికూర్పు పీఠికలో, విజయనగరం మహారాజు తయారు చేయించిన జాబితాను ప్రస్తావించాడు. విశాఖపట్నం ప్రాంతంలో మూడేళ్లలో 1,034 కన్యాశుల్కపు పెళ్లిళ్లు లెక్కకొచ్చాయి. 99 మంది పిల్లలకు అయిదేళ్లకే పెళ్లయింది. ముగ్గురికి ఏడాది వయసు. మద్రాసు శాసనమండలిలో మహారాజు పెట్టిన బిల్లు చట్టం కాలేదు. 1892లో ప్రదర్శించి 1897లో అచ్చువేసిన నాటకం మాత్రం నిలిచింది. పిల్లను అమ్ముకోవడం నలుగురూ నవ్వే పని అయింది.

గెలుపు కథ అక్కడ ఆపేస్తే నిజాయితీ కాదు. శుల్కం పోయిన చోటికే కట్నం వచ్చింది. 1921 ప్రాంతంలోనే కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ నాటకం రాశాడు. 1939లో అది సినిమాగా వచ్చింది, భానుమతి అందులోనే తొలిసారి తెరమీదికి వచ్చింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. 1969లో ఎన్.టి. రామారావు ‘వరకట్నం’ పేరుతోనే సినిమా తీశాడు. ఆ తర్వాత కట్నాన్ని తిట్టని దశాబ్దం తెలుగు తెరకు లేదు. కట్నం మాత్రం కులాలు దాటి, వర్గాలు దాటి, ఒకప్పుడు పెళ్లికూతురికి ఓలి (శుల్కం) ఇచ్చిన ఇళ్లలోకీ పాకింది.

ఇన్ని తిట్లు తిన్నా కట్నం ఎందుకు పెరిగిందన్నదానికి సమాధానం కొంత బ్రెజిల్‌లో దొరుకుతుంది. అక్కడి గ్లోబో టీవీ ధారావాహికల మీద ఎలియానా లా ఫెరారా, అల్బెర్టో చాంగ్, సుజాన్ డ్యూరీయా 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధం. ఆ ఛానల్ ప్రసారం చేరిన ప్రాంతాల్లో స్త్రీలకు పుట్టే పిల్లల సంఖ్య తగ్గింది. ఆ ధారావాహికలు కుటుంబ నియంత్రణ ప్రచారం చేయలేదు. వాటిలోని కలిగిన, అందమైన ఇళ్లలో పిల్లలు తక్కువ. చూసినవాళ్లకు చిన్న కుటుంబం మామూలు విషయమైంది. మన సినిమాలో కట్నం మీద ఉపన్యాసం పదినిమిషాలు ఉంటుంది. మిగతా రెండున్నర గంటలూ మేడలు, నగలు, వందల మంది బంధువులతో పెళ్లి, అల్లుడి హోదా కనబడతాయి. ప్రేక్షకుడు నీతికి చప్పట్లు కొట్టి, ఇంటిని గుర్తుపెట్టుకుంటాడు. భావజాలం సంభాషణల్లో కన్నా నేపథ్యంలో బలంగా పనిచేస్తుంది. విమర్శకులు కథ చివర ఎవరు గెలిచారో చూసి తీర్పు చెప్పడం మాని, కథ నడిచిన ఇంటిని పరిశీలించడం మొదలుపెట్టాలి.

1960, 70లలో వారపత్రికల ధారావాహికల మీద జరిగిన చర్చను కూడా ఇలాగే సరిచేసుకోవాలి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ వంటి నవలలను కలల లోకమని కొట్టిపారేసిన విమర్శకులు ఒక మాట వదిలేశారు. ఉద్యోగం చేసే ఆడపిల్ల, ఆత్మాభిమానంతో ఎదురు చెప్పే ఆడపిల్ల ఆ పేజీల్లో వారం వారం ఇంట్లోకి వచ్చింది. స్త్రీల పేర్లతో మగవాళ్లు నవలలు రాసేంతగా ఆ గొంతుకు గిరాకీ పెరిగింది. హీరో కారు, బంగళా కూడా ఆ ఇంట్లోకే వచ్చాయి. రెండు ప్రభావాలూ నిజమే. ఒకదాన్ని చూపి రెండోదాన్ని కాదనలేం.

పాలకులు దేనికి భయపడ్డారు

కథకు బలం లేదనేవాళ్లు నిషేధాల చరిత్ర చూడాలి. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన ‘మాలపల్లి’ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాకే దానికి పూర్తి విముక్తి దొరికింది. గూడవల్లి రామబ్రహ్మం 1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘రైతుబిడ్డ’ తీశాడు. మొదటిది ఆలయ ప్రవేశం మీద దక్షిణాదిన చర్చ వేడెక్కి ఉన్నప్పుడు వచ్చింది. రెండోది జమీందారీ మీద గురిపెట్టింది, జమీందార్ల ఒత్తిడితో కొన్నిచోట్ల దాని ప్రదర్శన ఆపించారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకాన్ని 1947 నుంచి ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి. ప్రభుత్వం దాన్నీ నిషేధించింది.

అచ్చయిన పుస్తకం కంటే నాటకం మీద పోలీసు కన్ను ఎక్కువ పడడానికి కారణం ఉంది. నాటకం చూడడానికి వెయ్యిమంది ఒకచోట చేరతారు. దొర పేరు చెప్పడానికి ఇంట్లో కూడా భయపడే మనిషి, రంగస్థలం మీద దొరను నిలదీసినప్పుడు చుట్టూ ఉన్న వెయ్యిమంది ఈల వేయడం వింటాడు. ఈ కోపం తనకొక్కడికే లేదని అప్పుడు తెలుస్తుంది. పాలకులు భయపడింది ఈ తెలియడానికే.

రువాండాలో దీన్నే కొలిచి చూశారు. 1994 నరమేధం తర్వాత అక్కడ ‘ముసెకెవెయా’ అనే రేడియో నాటకాన్ని ప్రసారం చేశారు. ఎలిజబెత్ లెవీ పాలక్ ఏడాదిపాటు కొన్ని ఊళ్లలో జనాన్ని జట్లుగా కూర్చోబెట్టి ఆ నాటకం వినిపించి, మరికొన్ని ఊళ్లలో వేరే కార్యక్రమం వినిపించి, 2009లో ఫలితాలు వెల్లడించింది. శ్రోతల సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. తమ సమాజంలో ఏది తగిన ప్రవర్తన అన్న అంచనా, దానితోపాటు ప్రవర్తన మారాయి. పెళ్లి, నమ్మకం, తోడ్పాటు, అభిప్రాయభేదాన్ని బయటికి చెప్పడం వంటి విషయాల్లో తేడా కనిపించింది. ‘మా భూమి’ చూసిన రైతుకూలీకి ఈ ఫలితం వింతగా అనిపించదు.

పాల సినిమా, నేత సినిమా

కథ మేల్కొల్పిన కోరికను తీర్చుకునేందుకు ఏదైనా దారి ఉండాలి. గుజరాత్‌లోనే దీనికి గట్టి నిదర్శనం ఉంది. హైదరాబాదులో పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగల్ 1976లో ‘మంథన్’ తీశాడు. గుజరాత్ పాడి రైతులు అయిదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకుని నిర్మించిన సినిమా అది. దళారీకి లొంగిన ఊళ్లో పాల సహకార సంఘం పుట్టడం ఇతివృత్తం. తమ డబ్బుతో తీసిన సినిమా చూడడానికి రైతులు బండ్లు కట్టుకుని వచ్చారు. ఆ సినిమాను తర్వాత ఇతర ప్రాంతాల్లో సహకార సంఘాలు పెట్టించడానికి వాడుకున్నారు. బొమ్మతో పాటు పశువైద్యం, మేత, పాల సేకరణ తెలిసినవాళ్లు వెళ్లేవారు. సినిమా చూసిన రైతుకు మర్నాడే చేరడానికి ఒక సంఘం, పాలు పోయడానికి ఒక కేంద్రం కనబడేవి.

అదే బెనెగల్ 1987లో చేనేత సహకార సంఘాల తోడ్పాటుతో, పోచంపల్లి నేతవాళ్ల మీద ‘సుస్మన్’ తీశాడు. ఓం పురి, షబానా ఆజ్మీ నటించారు. దళారుల పట్టు, మరమగ్గాల పోటీ, ఇంట్లోవాళ్లకు కట్టుకోవడానికి పట్టు లేని నేతగాడి బతుకు, అన్నీ అందులో ఉన్నాయి. కళలో అది తక్కువది కాదు. ‘మంథన్’కు దక్కిన ప్రజాస్పందన మాత్రం దానికి దక్కలేదు. పాల సంఘాలు పెరుగుతున్న రోజుల్లో ‘మంథన్’ వచ్చింది. చేతిమగ్గం కుదించుకుపోతున్న రోజుల్లో ‘సుస్మన్’ వచ్చింది. చూసిన నేతగాడి ముందు కొత్తగా చేరడానికి బలమైన వ్యవస్థ ఏదీ లేదు. చాలామందికి మిగిలిన దారి భివండీకో సూరత్‌కో బండెక్కడమే. కథ తలుపు తడితే సరిపోదు, అవతల గది ఉండాలి.

తెర దేవుడూ ఓటరూ

భావజాలం గురించి మాట్లాడితే తెలుగువాళ్లకు ఎన్.టి. రామారావు గుర్తు రాక తప్పదు. 1957 ‘మాయాబజార్’ నుంచి కృష్ణుడంటే ఆయన ముఖమే కళ్ల ముందు మెదిలింది. 1982 మార్చి 29న పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యాడు. తెరమీద దేవుడు కాబట్టి జనం ఓటేశారన్న వివరణ దేశమంతా ప్రచారమైంది. ఎం. మాధవప్రసాద్, ఎస్.వి. శ్రీనివాస్ వంటి పరిశోధకులు ఈ వివరణతో తృప్తిపడలేదు. సినిమాకూ రాజకీయానికీ మధ్య ఉన్న బంధాన్ని భాష, ప్రాంతం, అభిమాన సంఘాలు, ప్రజా సమీకరణల చరిత్రలో వెతికారు.

సంఘటనల క్రమం వాళ్ల జాగ్రత్తనే సమర్థిస్తుంది. 1978 తర్వాత అయిదేళ్లలో కాంగ్రెసు అధిష్ఠానం చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రాం, కోట్ల విజయభాస్కరరెడ్డి అంటూ నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. తెలుగువాళ్లకు అవమానం జరిగిందన్న భావం అప్పటికే ఉంది. తెరమీద తెలుగుదనానికి గొంతుగా నిలిచిన మనిషి ఆ భావానికి ముఖమయ్యాడు. 1989లో అదే ప్రజలు ఆయన్ను కల్వకుర్తిలో ఓడించారు. 2008లో పార్టీ పెట్టిన చిరంజీవికి ప్రేక్షకాభిమానంలో లోటు లేదు, 2009లో 18 స్థానాలు మాత్రమే దక్కాయి. సినిమా మనిషికి గుర్తింపునిస్తుంది, కోపానికి భాషనిస్తుంది. ఆ కోపాన్ని పుట్టించేది బతుకు. ఓటరును అమాయకుడిగా లెక్కగట్టే సిద్ధాంతాలను మనం వదిలేయాలి.

తెరమీద ఎవరి యాస

సూరత్‌లోని తెలుగు ఇళ్లలో ఎక్కువగా వినబడేది తెలంగాణ మాట. దశాబ్దాల పాటు ఆ మాటను తెలుగు సినిమా హాస్యగాడికీ దుర్మార్గుడికీ కేటాయించింది. 1985లో వచ్చిన ‘ప్రతిఘటన’లో కాశయ్య అనే దుష్టనాయకుడి పాత్రకు తెలంగాణ యాస పెట్టారు. ఆ పాత్రను జనం మెచ్చారు. ఆ మెప్పుతోనే యాసకూ మోటుతనానికీ ముడి మరింత బిగుసుకుంది. కథానాయకుడు, చదువుకున్నవాడు, ప్రేమించేవాడు మాత్రం కృష్ణా, గోదావరి జిల్లాల మాటే మాట్లాడేవారు. పరాయి రాష్ట్రంలో పెరిగే పిల్లవాడికి తెలుగు వినిపించే ముఖ్యమైన చోటు సినిమాయే అయినప్పుడు, అమ్మ మాట్లాడే మాట తెరమీద నవ్వులపాలు కావడం చిన్న గాయం కాదు.

ఇందుకు ఎదురు నిలిచిన పనీ జరిగింది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు నిర్మించిన ‘మా భూమి’ సినిమా 1980లో వచ్చింది. నర్సింగరావే తీసిన ‘దాసి’ 1988 నాటి జాతీయ పురస్కారాలు గెలిచింది. అవి దారి చూపాయి, వ్యాపార సినిమా వాటి వెంట నడవలేదు. మార్పు ముందు తెలంగాణ ఉద్యమంలో వచ్చింది. ధూంధాం ఆటపాటల వేదికల మీద లక్షల మంది తమ మాటను గర్వంగా విన్నారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ తర్వాతే 2017 ‘ఫిదా’లో బాన్సువాడ పిల్ల తన యాసలోనే కథానాయిక కాగలిగింది. ఇక్కడ సినిమా సమాజాన్ని నడిపించలేదు, వెనక వచ్చింది. వెనక వచ్చి చేసిన పనీ విలువైనదే. ఉద్యమంలో గర్వకారణమైన మాటను ఇంట్లో, ప్రేమలో, చావులో మామూలు మాటగా అది స్థిరపరిచింది.

2023లో సిరిసిల్ల ప్రాంతపు వేణు యెల్దండి తీసిన ‘బలగం’ ఈ వరుసలో పెద్ద మెట్టు. తాత చావు, దశదినకర్మ, పిట్ట ముట్టడం, అలిగిన అల్లుడు. తెలుగు తెర చిన్నచూపు చూసిన చావు తంతు అందులో కథనంతా నడిపింది. బుడగజంగం కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య దంపతుల గొంతు పతాక సన్నివేశం అయింది. ఎన్నో పల్లెల్లో గ్రామపంచాయతీల ముందు తెర కట్టి ఊరంతా కూర్చుని చూశారు. విడిపోయిన అన్నదమ్ములు కలిశారన్న వార్తలు వచ్చాయి. సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) ఊరు. సూరత్ నేతవాళ్లకు అది చుట్టపు ఊరు. ఒకే కథను ఊరంతా ఒకేసారి చూసి, ఒకరి కన్నీళ్లు ఒకరు చూసుకుంటే ఏం జరుగుతుందో రువాండా అధ్యయనం అంకెల్లో చెప్పింది, ‘బలగం’ మన కళ్ల ముందు చూపించింది.

2019 నాటి ‘మల్లేశం’ సినిమా కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పట్టుచీరకు దారం చుట్టే ఆసు పోయడానికి చేతిని వేల సార్లు తిప్పి భుజం నొప్పితో బాధపడే తల్లిని చూసి, చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రాన్ని 1999లో తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. నేతపనిని జాలిగా కాక తెలివిగా చూపిన సినిమా అది. పద్మశాలి ఇంటి ఆడవాళ్ల భుజాల నొప్పి ఒక కథకు కేంద్రమైంది. ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉండడమే విచారకరం.

పక్కింటివాళ్ల కళ్లలో మనం

సూరత్ వీధిలో తెలుగు సినిమా ఎక్కువగా హిందీలో మాట్లాడుతుంది. టీవీ ఛానళ్లలో, యూట్యూబ్‌లో డబ్బింగ్ సినిమాలు ఏళ్ల తరబడి నడిచాయి. ‘బాహుబలి’, ‘పుష్ప’ల తర్వాత ఆ వీక్షణ థియేటర్లకూ పాకింది. 1999 ‘సమరసింహారెడ్డి’, 2002 ‘ఇంద్ర’ల దారిలో వచ్చిన ఫ్యాక్షన్ చిత్రాలు రాయలసీమను కొడవళ్ల, బాంబుల నేలగా చూపాయి. కరువు, వలస, బోరుబావులు, రాతిగనుల గురించి సీమ కథకులు తరాలుగా రాస్తూనే ఉన్నా ఆ కథలు భాష దాటలేదు. కత్తి దాటింది. రాయలసీమను ఎన్నడూ చూడని గంజాం కార్మికుడికి తెలుగువాడంటే ఆ కత్తి పట్టినవాడే.

చరిత్రకూ ఇదే జరుగుతోంది. కొమురం భీం నిజాం ప్రభుత్వపు అటవీ, రెవెన్యూ పెత్తనం మీద గోండుల తరఫున పోరాడి 1940లో జోడేఘాట్‌లో చనిపోయాడు. అల్లూరి సీతారామరాజు 1924లోనే ప్రాణాలొదిలాడు. ఇద్దరూ కలిసినట్టు చరిత్రలో దాఖలా లేదు. 2022 ‘ఆర్ఆర్ఆర్’ వాళ్లను ఢిల్లీలో కలిపి, ఇద్దరి చేతా బ్రిటిషువాళ్లతో పోరాడించింది. ఊహించుకునే హక్కు కళాకారుడికి ఉంది. ఆ ఊహలో ఆదివాసీ భూమి ప్రశ్న కనుమరుగై దేశభక్తి ఒక్కటే మిగిలిందన్నదీ నిజం. కొమురం భీం పేరు మొదటిసారి ఆ సినిమాలోనే విన్న కోట్ల మందికి ఆయన ఎవరి భూమి కోసం చనిపోయాడో తెలియదు. ‘పుష్ప’ ఎర్రచందనం కూలీని నాయకుణ్ని చేసింది. 2015 ఏప్రిల్‌లో శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చిన పేద కూలీలు వాళ్లు. వాళ్ల కథ ఆ స్థాయిలో ఎవరూ చెప్పలేదు. వలస కూలీల నగరమైన సూరత్‌కు ఈ తేడా బాగా అర్థం కావాలి.

హద్దులు, ప్రమాదాలు

కథ ప్రభావం ఎప్పుడూ రచయిత చేతిలో ఉండదు. 1906లో అప్టన్ సింక్లెయిర్ షికాగో మాంసం కర్మాగారాల కార్మికుల దుస్థితి మీద ‘ది జంగిల్’ నవల ప్రచురించాడు. పాఠకులకు తాము తినే మాంసం శుభ్రత మీద దిగులు పట్టుకుంది. మాంసం తనిఖీ చట్టం అదే ఏడాది వచ్చింది. కార్మికుల బతుకు అలాగే ఉండిపోయింది. చదివేవాళ్లకు ఏది సొంత సమస్యో కథలోంచి అదే బయటికొస్తుంది.

కీడు చేసిన కథలూ ఉన్నాయి. 1915లో అమెరికాలో వచ్చిన ‘ది బర్త్ ఆఫ్ ఏ నేషన్’ సినిమా నల్లవాళ్లను రాక్షసులుగా, కూ క్లక్స్ క్లాన్ మూకను రక్షకులుగా చూపింది. అంతరించిన ఆ మూక ఆ ఏడాదే మళ్లీ లేచింది. ఆ బొమ్మ ఆడిన చోట్ల నల్లవాళ్ల మీద హింస పెరిగిందని తర్వాతి పరిశోధన తేల్చింది. మంచి కథ పనిచేస్తుందని నమ్మేవాళ్లు చెడ్డ కథ కూడా అంతే పనిచేస్తుందని ఒప్పుకోవాలి. ఒక మతాన్నో కులాన్నో శత్రువుగా చూపే సినిమాను వినోదమని వదిలేయడం కుదరదు. ఇలాంటి సినిమా ద్వేషాన్ని కొత్తగా పుట్టించకపోవచ్చు. లోపల ఉన్న ద్వేషాన్ని నలుగురిలో పలకడానికి సిగ్గుపడనక్కర్లేదని మాత్రం చెబుతుంది.

అలాగని ప్రతి కీడునూ కథ నెత్తిన రుద్దకూడదు. 1980లలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వంటి నవలల మీద మూఢనమ్మకాలు పెంచుతున్నాయన్న విమర్శ గట్టిగా వచ్చింది. బాణామతి, చేతబడి పేరిట మనుషుల్ని హింసించడం ఆ నవలల కన్నా చాలా పాతది. వైద్యం అందని ఊళ్లలో, భూతగాదాలున్న ఊళ్లలో అది బతికింది. నవలను తప్పుపట్టడం తేలిక, ఆసుపత్రి కట్టడం కష్టం. నిషేధం కోరేవాళ్లు తరచూ ఈ తేలిక దారినే ఎంచుకుంటారు. చెడ్డ కథకు నమ్మదగిన విరుగుడు మరో కథ, దాని మీద బహిరంగ చర్చ.

కోసాడ్ నుంచి చూస్తే

ఇక్కడ పన్నెండు గంటల షిఫ్టు సాధారణం. మిగిలిన కాస్త సమయంలో కథ ఫోన్‌లో వస్తుంది. 2016 తర్వాత డేటా చౌకైంది, పల్లె సినిమాలూ పాత సినిమాలూ చేతిలోకి వచ్చాయి. ఇది లాభమే. కానీ ఫోన్ తెర ముందు ఒక్కడే కూర్చుంటాడు. ఇంట్లో నలుగురూ నాలుగు కథలు చూస్తారు. కలిసి చూడడం, చూశాక గొడవపడడం తగ్గిపోతున్నాయి. మా భూమి నుంచి బలగం దాకా మనం చూసిన బలమంతా ఆ కలిసి చూడడంలోనే ఉంది. ఒంటరి ప్రేక్షకుడికి చూపేదాన్ని కంపెనీల లెక్కలు ఎంచుతాయి. నలుగురి అభిప్రాయం ఏమిటో అతడికి తెలిసేది తెలియనివాళ్ల వ్యాఖ్యల నుంచే.

రెండో లోటు ఇంకా పెద్దది. సూరత్ నేత కార్మికుడు తెలుగు తెరమీద దాదాపు లేడు. గల్ఫ్ వలస మీద పాటలు, కథలు, సినిమాలు వచ్చాయి. అమెరికా తెలుగువాడు మన సినిమాలో నిత్యం కనబడతాడు. సాంచాల మోతలో చెవులు మొద్దుబారే మనిషి, శేటు దగ్గర అడ్వాన్సు తీసుకుని ఊరెళ్లలేని మనిషి, 1994 ప్లేగు భయంలో పారిపోయి మళ్లీ తిరిగివచ్చిన నగరం, 2006 వరదలో మునిగిన బస్తీలు, నది ఒడ్డు వదిలి కోసాడ్ ఇళ్లలో కొత్త పొరుగును వెతుక్కున్న కుటుంబాలు ఏ పెద్ద కథలోనూ చోటు సంపాదించలేదు. కథలో లేని మనుషులు ప్రజల ఊహలో ఉండరు. ప్రజల ఊహలో లేనివాళ్లు బడ్జెట్లలో, చట్టాల్లో, ఎన్నికల వాగ్దానాల్లో చివరి వరుసలో నిలబడతారు. మాలపల్లి రాకముందు మాలపల్లెలూ ఇలాగే ఉన్నాయి.

ఈ లోటును తీర్చే పని హైదరాబాదు స్టూడియోల దయకు వదిలేయనక్కర్లేదు. మార్కండేయ మందిరాల హాళ్లు ఉన్నాయి, బతుకమ్మ ఆడే మైదానాలు ఉన్నాయి, తెలుగు ప్రాథమిక పాఠశాలలు ఉన్నాయి. నెలకొక సినిమా కలిసి చూసి గంటసేపు మాట్లాడుకుంటే, గంజాం, గుజరాతీ పొరుగువాళ్లను కూడా పిలిచి కూర్చోబెడితే, అది ఏ ఉపన్యాసం కన్నా బలంగా పనిచేస్తుంది. బళ్లో పిల్లలు తమ తాతలను అడిగి వలస కథలు రాయాలి. ఫోన్ ఉన్న యువకులు ఆ కథలను పది నిమిషాల చిత్రాలుగా తీయాలి. తెలుగు పత్రికలు, ప్రచురణకర్తలు, రెండు తెలుగు రాష్ట్రాల సాహిత్య సంస్థలు సూరత్ నుంచి వచ్చే రాతకు చోటివ్వాలి. రెండు రూపాయల చొప్పున వేసుకుని పాడి రైతులు తమ సినిమా తామే తీసుకున్న రాష్ట్రమిది. లక్షల మగ్గాలు నడిచే నగరంలో నేత కార్మికులు తమ కథ తామే చెప్పుకోవడం అసాధ్యమని ఎవరైనా అంటే, వాళ్లకు గుజరాత్ చరిత్రా తెలియదు, తెలుగు చరిత్రా తెలియదు.